మంచె మీద మిరప

దోన్యా ఎలీడే కోడలి ఊయలను కొక్కెం నుంచి విప్పి చుట్టేస్తోంది. మెక్సికోలోని యుకతాన్ పల్లెల్లో మంచాలుండవు. పడుకునే ఊయల చుట్టారంటే పుట్టింటికి పొమ్మన్నట్టే. కోడలు నెల్సీ గబగబా దగ్గరికొచ్చింది.

"విత్తనానికి వదిలిన మా అమ్మ నాటి హబనేరో మిరపకాయలే! వారం నుంచి తరుగుతున్నాయి, ఇవాళ చెట్టే బోసిపోయింది. గింజలివ్వమని నువ్వేగా అడిగావు? ఇవ్వనంటే ఊడ్చేశావు!"

"అడిగాను అత్తయ్యా. దొంగిలించలేదు."

"మరి కోళ్ళు తిన్నాయా? ఛాతీ ఎత్తున మంచె కట్టి, మట్టి పోసి పెంచింది వాటికి అందకూడదనేగా! పైగా పక్కనే మొద్దు వేసుకుని కాపలా కూర్చుంటున్నాను."

"నేను కోసుంటే వేళ్ళకి ఘాటు ఉండాలిగా?" నెల్సీ రెండు చేతులతో కళ్ళు నులుముకుంది. పొయ్యి దగ్గరున్న భర్త ఎల్మెర్ కెవ్వుమన్నాడు. ఆమె కంట్లో చుక్క నీరు రాలేదు.

"సబ్బెట్టి కడుక్కున్నావు."

"సబ్బుకి వదిలే ఘాటైతే అది మీ అమ్మగారి నాటి మిరపెలా అవుతుంది అత్తయ్యా?"

అప్పుడే పెనం మీద గుడ్డు కొట్టిన ఎల్మెర్ వెనక్కి గెంతాడు. "అమ్మా! నీ కోడి కార్మితా పెట్టిన గుడ్డు చూడు!"

సొన ఇటుక రంగులో ఉంది.

"మిరప పళ్ళు తిన్న కోడి సొన అలాగే ఉంటుంది," అంది నెల్సీ. "కోళ్ళకి కారం తెలీదు."

"అది ముసలిదే, మంచె పైకి ఎగరలేదు!" అంది అత్త.

ముగ్గురూ గుమ్మంలోకి పరిగెత్తారు. కాపలా మొద్దు మీంచి మంచె అంచుకి గెంతి, కార్మితా ఆకుల్లోకి మెడ చాచింది. అక్కడ, ఎవరి కంటా పడని ఆఖరి పండు.

దోన్యా ఎలీడే చెప్పు గాల్లో లేచింది. కోడి కిందపడి లబలబలాడుతూ పారిపోయింది. పండు మీద ఒక్క ముక్కుగాటు, గింజలు భద్రం.

అత్త పండు కోసి సగం గింజలు కోడలి అరచేతిలో పోసింది. ఊయల తానే మళ్ళీ కట్టి, ముడి రెండుసార్లు బిగించింది.

"ఇంతకీ దొంగెవరమ్మా?" అన్నాడు ఎల్మెర్.

"కోడ..." అత్త నాలుక కరుచుకుంది.

నెల్సీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "కోడలా?"

"కోడే! నా కార్మితా కోడే! దానికి మొద్దుతో నిచ్చెన వేసిందాన్ని నేను. చాలా?"