మాట్లాడుతూ నడవాలి

మార్చి తొమ్మిదో తారీఖున వ్యాయామం అయ్యాక ఆ ఇద్దరూ ఒక్క అరటిపండును చెరిసగం చేసుకుని తిన్నారు. గుండె లయ తప్పినవాళ్లకు వ్యాయామం నేర్పే ఆసుపత్రి గదిలో రిటైరైన మాస్టారు, టైలరు పక్కపక్క ట్రెడ్‌మిల్లుల మీద నడిచేవారు. నడుస్తూ మాట్లాడగలిగితేనే వేగం సరిపోయినట్టని అక్కడ నేర్పేవారు.

"మాస్టారూ, మీ గుండెకు కుట్టు ఊడినట్టుంది. ఇటివ్వండి, బిగించేస్తా," అనేవాడు టైలరు.

అరటిపండు పంచుకున్న తర్వాతి వారం పక్క మిషను ఖాళీగా ఉంది. టైలరు నిద్రలోనే పోయాడని చెప్పారు. మాస్టారు నడక మొదలుపెట్టారు గానీ నోరు పెగల్లేదు.

"ఆయాసంగా ఉందా, బాబాయ్‌గారూ?" అంటూ శిక్షకురాలు వేగం తగ్గించింది. అయినా ఆయన పలకకపోయేసరికి మిషను ఆపేసి మంచినీళ్లు అందించింది. అది ఆయాసం కాదు.

ఇంట్లోనూ రోజూ నడవమన్నారు. భార్య పోయిన ఇంట్లో ఎవరితో మాట్లాడుతూ నడవాలి? ఆ రాత్రి హాల్లో నాలుగడుగులు వేసి, "ఏమోయ్, వింటున్నావా?" అన్నారు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. నడక బూట్లు విప్పి మంచం కిందికి, చేతికందనంత లోపలికి నెట్టేశారు. వినేవాళ్లెవరూ లేకపోయినా, భార్య నిద్ర చెడకూడదన్న పాత అలవాటు కొద్దీ చప్పుడు కాకుండా పడకగది తలుపు వేసుకున్నారు.