గురువారం ట్రే అన్నం

బస్సు డిపో క్యాంటీన్‌లో గురువారం వచ్చిందంటే ట్రే అన్నమే. అంతకంటే సులువైన వంట లేదని పెద్దకోడలు అందరికీ చెబుతుంటుంది. ప్యాకెట్లలో వచ్చే మాంసం సాసేజీలు చక్రాల్లా కోసి ఎర్రగా వేయించాలి. అదే నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి, క్యాప్సికమ్, టమాటా మగ్గించాలి. కడిగిన బియ్యం కలిపి, బారెడు ట్రేలో పరిచి, మరిగే నీళ్ళు పోసి, పైన అల్యూమినియం రేకు బిగించి ఓవెన్‌లోకి తోసెయ్యాలి. నలభై నిమిషాలకి గంట మోగుతుంది. ఆకలి ఎక్కువైనవాడెవడో వచ్చి ట్రేని హాల్లోకి మోసుకుపోతాడు. డ్యూటీ దిగినవాళ్ళూ ఎక్కబోయేవాళ్ళూ కలిసి ముప్ఫై మంది ఒకే బల్ల చుట్టూ చేరి పంచుకు తింటారు.

వంట పెద్దకోడలిది, పైపనులు చిన్నకోడలివి. ఇద్దరూ ఒకే ఇంటి తోడికోడళ్ళు. డిపోలో అందరూ వాళ్ళని అలాగే పిలుస్తారు, మేనేజరుతో సహా. మొగుళ్ళిద్దరూ పనిచేసే మిల్లు మూతపడ్డాక రెండు సంసారాలూ ఈ వంటింటి మీదే నడుస్తున్నాయి.

ఆ గురువారం పొద్దున్నే పెద్దకోడలు ఫ్రిజ్ తెరిస్తే లోపల దీపం వెలగలేదు. ప్లగ్ పీకేసి ఉంది. ఆ చోట ఎవడో మహానుభావుడి ఫోన్ చార్జరు వేలాడుతోంది. నిన్న సాయంత్రం పెట్టాడో, ఇందాకే పెట్టాడో వాడికే తెలియాలి. సాసేజీ ప్యాకెట్లు పట్టి చూసింది. చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు. రంగు మారలేదు. ఒకటి చింపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఏమీ లేదు. ఉత్త గాలి.

మూడు నెలల క్రితం ఇంట్లో తోడికోడళ్ళిద్దరికీ ఒకే వారంలో జ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కుని పట్టుకుపోయింది. అప్పట్నుంచీ కాఫీ వాసన లేదు, మాడు వాసన లేదు. ఉప్పూ పులుపూ నాలుకకి తెలుస్తాయి, మిగతాదంతా గడియారం చూసి వండేస్తోంది. ఇంతకుముందు ఇక్కడ వండినాయనకి చూపు మందగించిందని తెలిసిన వారంలోపే నాలుగు తీపి మాటలు చెప్పి ఇంటికి పంపేశారు. అందుకే ఆమె కట్టుకున్నవాడికి కూడా ఈ సంగతి చెప్పలేదు.

"ఏమే, ఇవి ఒకసారి వాసన చూడవే. నా చేతుల నిండా వెల్లుల్లి కంపు, ఏం తెలిసి చావట్లేదు," అంది వీలైనంత మామూలుగా.

చిన్నకోడలు ప్యాకెట్టు అందుకుని ముక్కుకి ఆనించుకుంది. ఒక్క క్షణం ఆగింది.

"బానే ఉన్నాయక్కా."

పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క ప్యాకెట్టు మిగిల్చి అన్నీ కోసేసింది. సాసేజీలు వేయించి తీసి, ఉల్లిపాయలు మూకుడులో వేసి, బియ్యం తేవడానికి పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మూకుడు మీద నీలంగా పొగ. ఉల్లిపాయలు బొగ్గులైపోయాయి. చిన్నకోడలు పొయ్యికి వీపు పెట్టి, అడుగు దూరంలో, తీరిగ్గా కీరదోసకాయలు తరుగుతోంది.

"ముక్కెక్కడ పెట్టుకున్నావే!" అని అలవాటుగా కసిరింది. అన్నాక ఆ మాట ఆమెకే తగిలింది.

"ఏదో ఆలోచనలో ఉన్నానక్కా," అంది చిన్నది తలెత్తకుండా.

మళ్ళీ ఉల్లిపాయలు వేగాయి. ట్రే ఓవెన్‌లోకి వెళ్ళింది. పెద్దకోడలి మనసు మాత్రం కుదురుగా లేదు. పొగ కమ్మేసినా మనిషి వెనక్కి తిరగలేదేమిటి? ప్యాకెట్టు పట్టుకుని ఆ ఆగడమేమిటి? పది నిమిషాలు, ఇరవై, ముప్ఫై. ఇక ఉండబట్టలేక నేల తుడిచే గుడ్డని ఫినాయిల్లో ముంచి, చప్పుడు చేయకుండా వెనకనుంచి వెళ్ళి, చిన్నకోడలి చెంపకి బెత్తెడు దూరంలో పట్టుకుంది.

చిన్నకోడలు కీరదోసకాయలు తరుగుతూనే ఉంది.

పెద్దకోడలు గుడ్డ కింద పడేసింది. చెయ్యి పట్టుకుని సామాన్ల గదిలోకి లాక్కెళ్ళింది.

"నిజం చెప్పు. నీకు వాసన తెలుస్తోందా?"

చిన్నది ముందు బుకాయించింది. తర్వాత ఏడ్చేసింది. "జ్వరం వచ్చినప్పట్నుంచీ లేదక్కా. చెబితే పని మాన్పిస్తారని... అయినా నువ్వున్నావు కదా! ఇంట్లో గ్యాసు లీకైనా అక్క పసిగడుతుందిలే అని ధైర్యంగా పడుకుంటున్నా."

"నాకూ లేదే," అంది పెద్దకోడలు. "నేను నీ ధైర్యంతో పడుకుంటున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే ఓవెన్ గంట మోగింది. బయటికి వచ్చేసరికి ఓవెన్ తలుపు బార్లా తెరిచి ఉంది. ట్రే లేదు.

పెద్దకోడలు పరిగెత్తింది. హాల్లో అప్పటికే రేకు ఊడదీశారు. ముసలి డ్రైవరు మొదటి గరిటె వేసుకుని చెంచా నోటి దగ్గరికి తెచ్చుకుంటున్నాడు. మేనేజరు కూడా పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం వాసన, పెద్దకోడలా! గేటు దగ్గరున్నవాణ్ణి ఇక్కడికి లాక్కొచ్చింది," అన్నాడు.

ఉప్పెక్కువైందంటే చాలు, ట్రే వెనక్కి వచ్చేస్తుంది. ఈ పూట గడిచిపోతుంది, ఉద్యోగాలూ నిలబడతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మరి రేపు పాలు వస్తాయి, ఎల్లుండి చేపలు వస్తాయి. వాటికి ఏ అబద్ధం చెప్పాలి?

"ఎవరూ ముట్టుకోకండి! చెంచాలు కింద పెట్టండి!"

ముప్ఫై చేతులూ ఆగిపోయాయి.

"ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. సాసేజీలు పాడయ్యాయేమో నాకు తెలీదు. మూడు నెలలుగా నాకు ముక్కు పనిచెయ్యట్లేదు."

"మరి చిన్నకోడలు చూడలేదా?" అన్నాడు మేనేజరు.

"నాకూ పనిచెయ్యదు సార్," అంది వెనకనుంచి చిన్నకోడలు. ఆమె చేతిలో మిగిలిన ప్యాకెట్టు ఉంది.

మెకానిక్ ఒకడు లేచి వచ్చి దాన్ని వాసన చూశాడు. తల అంత దూరం వెనక్కి లాక్కున్నాడు. "అబ్బా! ఇది కుక్కకి కూడా పెట్టకూడదు," అన్నాడు. బల్ల మీద ట్రే మాత్రం వెల్లుల్లి, క్యాప్సికమ్ ఘుమఘుమతో ఆవిర్లు కక్కుతూనే ఉంది. ముసలి డ్రైవరు తన పళ్ళెంలోది తిరిగి ట్రేలోకి వంపేశాడు.

పెద్దకోడలు నడుముకున్న వంటింటి తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టింది. ఆమెకి ఉద్యోగం పోతోందన్న బాధకంటే ఆ చెంచా నోట్లోకి పోలేదన్న ఊరటే ఎక్కువగా ఉంది. అది తనకే వింతగా తోచింది.

మేనేజరు తాళాలు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"మూడు నెలలు మా ప్రాణాలతో చెలగాటమాడారు," అన్నాడు. "ఇక మీదట ఇవి నా దగ్గరే ఉంటాయి. రోజూ పొద్దున్నే వచ్చి, నేనే తలుపు తీసి, ఒక్కో వస్తువూ వాసన చూసి మీ చేతికిస్తాను. ఇద్దరూ టైముకి రండి."

పెద్దకోడలికి సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తలూపింది.

"నా బండికింకా గంట టైముంది," అన్నాడు ముసలి డ్రైవరు నీరసంగా. "లోపల ఏమైనా ఉందా, అమ్మా?"

"గుడ్లున్నాయి," అంది కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత మెకానిక్ వైపు తిరిగింది. "బాబూ, చేతులు కడుక్కుని కాస్త లోపలికి వస్తావా? ఒక్కోటీ పగలగొట్టి నీకు వాసన చూపిస్తాను."