కిరాయి గిటారు

మానుకోటలో ఈశ్వరయ్య దుకాణం మెట్లెక్కకుండా పెళ్ళి చేసినవాడు లేడు. శామియానాలు, బెంచీలు, వంట డేగిషాలు, గంగాళాలు, పెట్రమాక్సు లైట్లు, మైకు సెట్టు, అన్నీ అక్కడ కిరాయికి దొరికేవి. దొరకనిది ఆయన ఇంటివాళ్ళకే. దుకాణం సామాను ఇంట్లో వాడకూడదన్నది ఆయన నియమం. నలుగురు చుట్టాలు ఎక్కువొస్తే, వెనక గదిలో కంచాలు దూలం అందేలా పేర్చి ఉన్నా సరే, ఆయన భార్య రుక్మిణమ్మ పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకోవాల్సిందే. కట్టుకున్న పాపానికి ఆమె అలాగే తెచ్చేది, దారిపొడుగునా సణుగుతూ.

దీని వెనక ఒక కథ ఉంది. ఈశ్వరయ్య అన్నగారు తన కొడుకు పెళ్ళికి దుకాణం శామియానానే వేయించాడు. అది అరవై తొమ్మిదో సంవత్సరం. పెళ్ళైన కొద్ది రోజులకే తెలంగాణ అంతా భగ్గుమంది. బందులు, కర్ఫ్యూలు, ఎక్కడివక్కడ ఆగిన రైళ్ళు. పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, దుకాణానికి తాళం పడింది. ఆ ఇంటి కొత్త కోడలు కూడా ఏడాది తిరక్కుండా పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. జనం ఉద్యోగాలన్నారు, నిధులన్నారు, ముల్కీ అన్నారు. ఈశ్వరయ్య అవేవీ నమ్మలేదు. "గదంత శామియానాతోని అయింది" అన్నాడు. ఇక ఆ మాట మీదే ఉండిపోయాడు మహానుభావుడు.

అలాంటి ఇంట్లో పుట్టి, ఆయన ఒక్కగానొక్క కొడుకు రామచందర్ బేస్ గిటారు మీద మనసు పడ్డాడు. ఖాజీపేటలో రైల్వే వాళ్ళ క్రిస్మస్ పాటల దగ్గర దాన్ని మొదటిసారి విన్నాడు. మామూలు గిటారుకు ఆరు సన్నతీగలైతే దీనికి నాలుగే, లావుపాటివి. పాటంతా పైన సాగుతుంటే ఇది కింద అడుగు తప్పకుండా నడుస్తుంది. చెవులకంటే ముందు అతని కడుపుకే అది తెలిసింది. ఆనాటి నుంచీ అన్నం తింటున్నా కంచం అంచు మీద వేళ్ళాడించడమే. "బాపూ, ఒక్క గిటార్ కొనిపెట్టవా" అని ఈశ్వరయ్య వెంట పడ్డాడు. నలుగురి ముందు ఒక్క పాట వాయించాలి, అంతే అతని కోరిక. ఆకాశంలో చుక్కలేం అడగలేదు పాపం.

ఒకరోజు పొద్దున్నే ఈశ్వరయ్య కండువా వేసుకుని "పా, పట్నం పోయి నీ గిటారేందో తెద్దాం" అనేసరికి రామచందర్ చెప్పులు కూడా మరిచి బయటికి ఉరికాడు.

సికింద్రాబాదు దుకాణంలో ఈశ్వరయ్య ఊరుకుంటాడా? "నాలుగు తీగల దానికి ఆరు తీగల దానికంటె ఎక్కువ ధర ఏంది? మా మానుకోటల గిట్ల అమ్మితె తంతరు" అన్నాడు. ఆ తర్వాత గిటార్లన్నీ ఒక్కొక్కటే లేపి బరువు చూశాడు. ఆయన లెక్కలో డేగిషా అయినా గిటారైనా బరువుంటేనే సరుకున్నట్టు. రామచందర్ మాత్రం ఒక కన్ను మూసి, గిటారు మెడ పొడుగునా చూపు సాగదీసి వంకర ఉందేమో వెతికాడు. ప్రతి మెట్టు మీదా తీగ నొక్కి, ఎక్కడన్నా గరగర వస్తుందేమో విన్నాడు. తండ్రికి బరువు నచ్చింది, కొడుక్కు మెడ నచ్చింది, ఇద్దరూ ఒకే గిటారు దగ్గర ఆగారు. భుజానికి తగిలించే పట్టీ, వైరు, ఒక స్పీకరు పెట్టె కూడా ఈశ్వరయ్య గొణక్కుండా కొన్నాడు. రామచందర్ అప్పుడే అనుమానపడాల్సింది. సంతోషంలో ఉన్నవాడికి అనుమానం ఎక్కడొస్తుంది?

మర్నాడు నిద్ర లేచి చూస్తే గిటారు బోర్లా పడుకుని ఉంది. దాని వీపు మీద, డేగిషాల మీద రాయించినట్టే, తెల్లరంగుతో "ఈశ్వరయ్య, మానుకోట" అని రాసి ఉంది. రంగు ఇంకా ఆరలేదు.

"గిదేంది బాపూ? నా గిటార్ మీద…"

"నీదెట్లయితదిరా? దుకాణానిది" అన్నాడు ఈశ్వరయ్య చల్లగా. "ఇప్పుడు ఏ పెండ్లిల చూసినా ఆర్కెస్ట్రానే. ఒక్కని దగ్గర బేస్ లేదు. కిరాయికి బ్రహ్మాండంగ పోతది. నీకెట్లాగూ దానిమీద పాణం గద, మంచిగ చూస్కో."

ఇంటివాళ్ళు దుకాణం సామాను వాడకూడదు. మరమ్మతు మాత్రం చేయొచ్చు. బేస్ గిటారు విషయంలో ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఈశ్వరయ్యే తేల్చాడు. తీగ మీటి చూస్తే పరీక్ష, దానికి అడ్డులేదు. అదే పాటలా వినిపిస్తే వాడకం. రామచందర్ వెనక గదిలో కూర్చుని శ్రుతి చేస్తుంటే, ముందు గల్లాపెట్టె దగ్గర ఈశ్వరయ్య చెవి ఇటే పడేసి ఉండేవాడు. నాలుగు స్వరాలు వరసగా కుదిరి పాట వాసన రాగానే ఖళ్ళుమని దగ్గేవాడు. రామచందర్ చేయి టక్కున ఆగిపోయేది.

ఇక ఏం చేస్తాడు? పరీక్షల్లోనే పండిపోయాడు. ఎండాకాలం గిటారు మెడ వంగితే, లోపలి ఇనుప చువ్వను వంకర తాళంచెవితో రవ్వంత తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్ళీ చూసేవాడు. తీగ మరీ కిందికుంటే గరగరలాడుతుంది, మరీ పైకుంటే వాయించేవాడి వేళ్ళు పుండవుతాయి. ఆ రెంటి నడుమ సరైన ఎత్తు కోసం గంటలు గంటలు మరలు తిప్పేవాడు. కిరాయి నుంచి తిరిగి రాగానే ఎవడి చెమటో తీగల మీద నుంచి పొడిగుడ్డతో తుడిచేవాడు. తీగలు మొద్దుబారితే ఊడదీసి నీళ్ళలో మరిగించేవాడు, వాటికి మళ్ళీ గొంతు వచ్చేది. మొదటిసారి గిన్నె మూత తీసి చూసిన రుక్మిణమ్మ "ఓరి నీ ఇల్లు బంగారంగాను! చారనుకుంటినిగదరా" అని నెత్తి కొట్టుకుంది. అయినా పాత శామియానా గుడ్డలో దూది పెట్టి గిటారుకు గలీబు కుట్టిచ్చింది కూడా ఆమే. చిరిగిన శామియానా సామాను కిందికి రాదని ఈశ్వరయ్య ఒప్పుకున్నాడు.

ఆ గిటారు కురవి పోయింది, స్టేషన్ ఘన్‌పూర్ పోయింది, జనగామ పోయింది. దాన్ని ఎక్కువగా వాయించేవాడు వెంకన్న. ఖాజీపేట రైల్వేలో కొలువు, మంచివాడు. "రామచందరన్నా, నీ గిటార్ పట్టుకుంటె వేళ్ళు వాటంతటవే ఉరుకుతయ్" అనేవాడు. రామచందర్ పొంగిపోయేవాడు, మరుక్షణం కడుపు మండేది. సామాను వెంట తనూ పోయి, స్టేజి పక్కన నిలబడి, పాట పాటకూ చేతులు నలుపుకునేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. అతనికి పెళ్ళైంది. ఆ పెళ్ళికి పరాయి ఊరి శామియానా వేశారు. ఆర్కెస్ట్రా ఊసే లేదు.

తర్వాత చెల్లెలు సుభాషిణి పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివాళ్ళది జనగామ. మర్యాదస్తులే, కాకపోతే ఆర్కెస్ట్రా లేనిదే పందిట్లో కూర్చునేది లేదన్నారు. ఆర్కెస్ట్రా వాళ్ళేమో బేస్ గిటారు లేనిదే రామన్నారు. చుట్టుపక్కల ఉన్న బేస్ గిటారు ఒక్కటే, దాని వీపు మీద ఎవరి పేరుందో అందరికీ తెలుసు. ఈశ్వరయ్యకు రెండు రోజులు ముద్ద దిగలేదు. బిడ్డ పెళ్ళికి సొంత దుకాణం సామాను! ఆ అన్నగారి కోడలు పెట్టె పట్టుకుని వెళ్ళిపోవడం ఆయన కళ్ళముందే తిరిగింది.

మూడో రోజు రుక్మిణమ్మ మడతచీర కట్టుకుని, వీధిలోంచి తిరిగొచ్చి, గిరాకీ మాదిరి దుకాణం మెట్లెక్కింది.

"సేటూ, మా తమ్ముడు జగపతి గిటార్ కిరాయికి అడుగుతున్నడు. ఇస్తరా, ఇయ్యరా?"

ఈశ్వరయ్య బిత్తరపోయాడు. వచ్చిన గిరాకీని ఆయన పుట్టి బుద్ధెరిగాక వాపసు పంపినవాడు కాదు. "మీ తమ్మునికి ఏం పెండ్లి ఉన్నదే?" అన్నాడు.

"మేనకోడలి పెండ్లి. మా పుట్టింటోళ్ళ మర్యాద అది. మీకేంది?"

ఈశ్వరయ్య చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. గిటారు జగపతి పేరు మీద వస్తుంది, వెంకన్న వాయిస్తాడు. మనవాళ్ళు మరమ్మతుకు తప్ప చేయి పెట్టకూడదు. "బిడ్డ బతుకు రామచందర్, యాదికుంచుకో" అన్నాడు. రామచందర్ తలూపాడు.

తలూపాడు గానీ, పసుపుబట్టల్లో ఉన్న సుభాషిణి ఊరుకుంటేగా? "అన్నా, చిన్నప్పటి సంది చూస్తున్న. బాపు దగ్గుతడు, నువ్వు ఆగుతవు. నా పెండ్లిల ఒక్క పాట వాయించు. నాకేం గాదు. అయితె నాకే అయితది గద, నేనే అంటున్న" అంది. ఆమె ముందే వెంకన్నతో మాట్లాడి పెట్టింది. చెల్లెలి కాపురమా, తన పాటా అని రామచందర్ మూడు రోజులు నలిగాడు. చివరికి పాటే గెలిచింది. ఆ సంగతి అతనికి సిగ్గుగానూ ఉంది, ఆనందంగానూ ఉంది.

లగ్గం అయింది, భోజనాలు మొదలయ్యాయి. మిట్టమధ్యాహ్నం, పందిట్లో ఉడుకు. నాలుగో పాట అవగానే వెంకన్న గిటారు తీసి రామచందర్ భుజానికి తగిలించాడు. "కానియ్యన్నా" అని పక్కకు జరిగాడు. విస్తళ్ళ దగ్గర వడ్డన చూస్తున్న ఈశ్వరయ్య తలెత్తి, కొడుకును స్టేజి మీద చూసి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

పాట ఎత్తుకున్నారు. రామచందర్ మీటాడు. అబ్బ, ఏం మోగింది! ఇన్నేళ్ళు ముక్కలు ముక్కలుగా విన్న శబ్దం ఒక్కసారి నడకందుకుంది. తింటున్నవాళ్ళ కాళ్ళు కదిలాయి. సుభాషిణి ముసుగు కొంచెం తీసి నవ్వింది. అతని గుండె ఆగుతుందేమో అన్నంత సంతోషమేసింది.

పల్లవి రెండోసారి వచ్చేసరికి మూడో తీగ శ్రుతి దిగింది. ఉడుకుకో ఏమో, వెంట్రుకవాసి. ఆ పందిట్లో ఆ తేడా తెలిసిన మనిషి ఇంకొకడు లేడు. వెంకన్నకు కూడా తెలియలేదు. పోనీ వదిలేయొచ్చుగా? వదలలేకపోయాడు. చేయి దానంతటదే మెడ చివరికి పోయి మర తిప్పింది. ఒకసారి మీటి విన్నాడు. ఇంకాస్త తిప్పాడు. మూడోది కుదిరేసరికి దాని పక్కన రెండోది తేలిపోయినట్టనిపించింది. అదీ సర్దాడు. చరణం వచ్చింది, పోయింది. వెంకన్న కళ్ళతో "వాయించు, వాయించు" అంటున్నాడు. రామచందర్ తలవంచి, చెవి గిటారుకు ఆనించి, నాలుగో తీగ దగ్గరున్నాడు. పాడేవాళ్ళు పాడుకుంటూ పోయారు, డ్రమ్ము మోగుతూ పోయింది.

శ్రుతి అద్దంలా కుదిరింది. తృప్తిగా తలెత్తేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. పాట అయిపోయింది.

స్టేజి దిగుతుంటే ఈశ్వరయ్య గరిటెతోనే అడ్డంగా వచ్చాడు. తిడతాడు, కొడతాడు, కొట్టనీ అనుకున్నాడు రామచందర్. ఈశ్వరయ్య కొడుకు భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"నా పాణం పోయిందనుకున్నరా. మంచిపని చేసినవు. నువ్వు వాయించలే, మొదలు పరీక్షకు మీటినవు, ఇగ మరమ్మతే చేసినవు. నేను చూసిన గద మొదటి సంది. మన నియమం తప్పలే. బిడ్డకేం గాదు ఇగ."

రామచందర్ నోరు తెరిచాడు. మొదట వాయించాను బాపూ, నిజంగా వాయించాను, జనం కాళ్ళు కదిలాయి అని చెప్పాలని ఉంది. చెప్తే ఈ ముసలాయన మళ్ళీ ఎన్నటికీ నిద్రపోడు.

"అవ్ బాపూ, మరమ్మతే" అన్నాడు.