పితికిన పప్పు, సబ్‌టైటిల్స్

అనపగింజలు పితికేటప్పుడు సబ్‌టైటిల్స్ చదువుకోవచ్చు. వంకాయలు తరిగేటప్పుడు కుదరదు, వేలు తెగుతుంది. చపాతీలు వత్తేటప్పుడు ఇంగ్లీషు డబ్బింగే గతి. గిన్నెలు తోమేటప్పుడు ఏదీ పనికిరాదు, కుళాయి హోరులో జపనీసైనా తమిళమైనా ఒకటే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంటిపనిని నేను ఇలా విడదీసుకున్నాను: కళ్ళు అడిగే పని, చెవులు అడిగే పని, రెండూ అడిగే పని. చేతుల సంగతి ఎవరూ అడగరు, అవి ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. అందుకే నాకు అనపకాయల కాలమంటే ప్రాణం. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి జారుతుంది. దానికి చూపుతో పనిలేదు. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి కూర్చుంటే ఒక ఎపిసోడు నిశ్చింతగా అయిపోతుంది.

కొత్త యానిమేలు, అంటే బొమ్మల సీరియళ్ళు, జపాన్‌లో మూడు నెలలకో విడతగా వస్తాయి. జనవరి విడత మాకు అనపకాయలతో వస్తుంది, ఏప్రిల్ విడత ఊరగాయ జాడీలతో, అక్టోబరు విడత దసరా బూజులతో. మా అత్త భాగీరథమ్మ పంచాంగం చూసుకుంటుంది, నేను ఇది చూసుకుంటాను. పనులు మాత్రం ఇద్దరివీ ఒకటే.

రాబర్ట్‌సన్‌పేట బజారులో మాది ధాన్యం అంగడి. ఒకప్పుడు బంగారు గనులు నడిచిన ఊరు. ముందు అంగడి, వెనక ఇల్లు. మామగారు కేశవమూర్తిగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు, మా ఆయన అమర్నాథ్ బస్తాలు చూసుకుంటాడు. జీఎస్టీ పని నాది, ఎందుకంటే ఇంట్లో బి.కాం. చదివింది నేనొక్కదాన్నే. అయినా ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తారు?" అని అడిగితే మా ఆయన, "ఏమీలేదప్పా, సుమ్నే ఇంట్లోనే ఉండాది" అంటాడు. చెడ్డ మనిషి కాదు. తిట్టడు, కొట్టడు, జ్వరమొస్తే మాత్రలు తెస్తాడు. ఊరికే అనే ఆ కన్నడ "సుమ్నే" ఎంత బరువో అతనికి తెలియదు, అంతే. బస్తాల బరువు బాగా తెలుసు.

బెంగళూరులో చదివే రోజుల్లో అవెన్యూ రోడ్డు పాతపుస్తకాల బండ్ల మీద నాకు ఒక మాంగా దొరికింది. జపాన్ వాళ్ళ బొమ్మలకథ, ఇంగ్లీషులో. ఒక్కో సంపుటం వెతికి వెతికి మొత్తం పోగుచేసుకున్నాను. బొగ్గుగనుల ఊళ్ళో పూటకూళ్ళిల్లు నడిపే సుజుయో అనే ఆవిడ కథ అది. దాని జపనీసు పేరు మూరెడు పొడుగుంటుంది కాబట్టి నేను పూటకూళ్ళిల్లు అనే పిలుచుకుంటాను. కాపురానికి వచ్చినప్పుడు పట్టుచీరల కింద పెట్టి తెచ్చుకున్నాను. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మా ఆయన ఒకటి తిరగేసి, "ఎనక నుంచి చదివే పుస్తకమా? అందుకే నీ బుర్ర అట్ల ఉండాది" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. కొత్త కోడల్ని కనుక నేనూ నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద చాలా ఏళ్ళు ఉండిపోయింది, తీసేయాలని కూడా తోచలేదు.

తర్వాత మారికుప్పం రైల్లో శశి దొరికింది. బెంగళూరులో ఉద్యోగం, రోజూ పోయిరావడం. బ్యాగుకు వేలాడే బొమ్మను చూసి నేను దాని పేరు చెప్పేసరికి, "అక్కా, మీరు కూడానా!" అంది. ఆ "కూడానా"లో నా కుంకుమ, నా మెట్టెలు, నా ఒడిలో ఉన్న కూరగాయల సంచీ అన్నీ ఉన్నాయి. అయినా శశే నన్ను తమ యానిమే గుంపులోకి లాగింది. అందులో నాగేశ్ ఉన్నాడు, ఆండర్సన్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఆసుపత్రిలో నర్సు గంగ ఉంది. నెలకోసారి ఒక బేకరీ మేడ మీద కలిసి కొత్త విడతలో ఏది బాగుంది, ఏది తుస్సుమంది అని పోట్లాడుకుంటాం. ఎగ్ పఫ్ తింటూ పోట్లాడుకోవడంలో ఇంత సుఖముందని నాకు పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు.

ఈ జనవరి విడతలో నా పూటకూళ్ళిల్లు యానిమేగా వచ్చింది. పాత మాంగాలను కొత్తగా తీయడం ఇప్పుడు మోజు కదా. రంగులు చూస్తే కళ్ళు తిరిగాయి. సుజుయో కొప్పులో దువ్వెన నేను ఎప్పుడూ నల్లగానే చూశాను, అది ఎర్రదట. నాకు కన్నీళ్ళొచ్చాయి. కానీ మొదటి ఎపిసోడ్లోనే గని కూలిపోయింది! మాంగాలో అది ఎంతో దూరాన వస్తుంది. అంతవరకూ సుజుయో నీళ్ళు తోడుతుంది, బియ్యం కడుగుతుంది, గనివాళ్ళ తువ్వాళ్ళు ఉతికి ఆరేస్తుంది. అవన్నీ ఎగిరిపోయాయి.

గుంపులో నాగేశ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. "పేసింగ్ సూపర్ అక్కా, కథ ఉరుకుతా ఉండాది! ఆ ఫిల్లరంతా ఎత్తేసినారు, బతికిపోతిమి!"

నాకు ఒళ్ళు మండింది. ఫిల్లరంటే మూలకథలో లేకుండా మధ్యలో అతికించేది. ఇది మూలం. ఇది లేకపోతే కథే లేదు. అన్నం వండటం, గుడ్డలు ఉతకడం కనబడగానే ఫిల్లర్ అనేయడమేనా? అలాగైతే నా పొద్దంతా, నా పదిహేడేళ్ళ కాపురమంతా ఫిల్లరే. నేను పెద్ద మెసేజ్ రాసి, తుడిచేసి, మళ్ళీ రాస్తుంటే శశి ఫోన్ చేసింది. "అక్కా, కడదాకా చదివింది మీరొక్కరే. ఈ ఆదివారం మీటింగులో మీరే మాట్లాడాల. మేమంతా నోరు మూసుకోని వింటాము."

నా మాట వినడానికి జనం కూర్చోవడం! పెళ్ళిచూపుల్లో పాట పాడించుకున్న తర్వాత ఎవరూ నన్ను అలా అడగలేదు. ఆ వారమంతా దోసె తిప్పుతూ, జీఎస్టీ తిప్పుతూ, ఏం చెప్పాలో లోపల్లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. ఆదివారం మూడింటికి ఆ మేడ మెట్లెక్కకపోతే ఇంక ఎప్పటికీ ఎక్కననిపించింది.

శనివారం మా అత్త తమ్ముడు రామాంజినప్ప టేకల్ నుంచి అనపకాయల మూటతో దిగాడు. ఆదివారం అందరికీ పితికిన పప్పు అన్నారు. అత్త గంగాళం నిండా గింజలు నానబోసింది. నేను మీటింగు సంగతి చెప్పాను. మా ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే, "ఆ బొమ్మల మీటింగు ఇంగో వారం పెట్టుకో. నానేసిన గింజలు ఆగుతాయా ఏమి?" అన్నాడు.

నిజమే, గింజలు ఆగవు. వేళ దాటితే జిగురొచ్చి వాసన కొడతాయి. నేనూ ఆగలేను. బాత్రూములో కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను. ముఖం కడుక్కుంటుంటే ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఆలోచన వచ్చింది. మనం వెళ్ళలేకపోతే వాళ్ళకు కాళ్ళు లేవా? శశికి మెసేజ్ పెట్టాను: మీటింగు మా ఇంట్లో, వెనక అరుగు మీద, గోళ్ళు కత్తిరించుకుని రండి.

మూడింటికి వాళ్ళు దిగారు. నాగేశ్ టీషర్టు నిండా కత్తి పట్టిన బొమ్మ. అత్త వాళ్ళను ఎగాదిగా చూసింది. ఆమెకొక నియమం ఉంది: గంగాళం దగ్గర కూర్చున్నవాళ్ళ చేతులు ఊరికే ఉండకూడదు. పేరంటానికి వచ్చినా సరే, అప్పు అడగడానికి వచ్చినా సరే. "కూసోండప్పా" అని ఒక్కొక్కరి ముందు గింజలు కుమ్మరించి, "నొక్కండి, మాట్లాడండి" అంది.

నాగేశ్ మొదటి గింజ నొక్కితే పప్పు ఎగిరి పోయి గోడ మీది క్యాలెండరుకు తగిలింది. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "గన్ను పేల్చినట్ల కాదురా నాయనా, పసిబిడ్డ ముక్కు చీదినట్ల నొక్కాల." గంగ ఆసుపత్రి చేతులతో చకచకా పితికేస్తోంది. నేను పాత సంపుటం పీట మీద తెరిచి పెట్టి మొదలుపెట్టాను.

 "సుజుయో దండెం మీద గనివాళ్ళ తువ్వాళ్ళు ఆరేస్తాది. షిఫ్టు దిగినోడు దిగినట్ల వచ్చి ఎవరి తువ్వాలు వాళ్ళు ఎత్తుకుంటారు. ఇట్లా చూడండి, పేజీల కొద్దీ అదే. మీకు బేజారు. కానీ గని కూలిన పొద్దు అందరూ పైకొచ్చేసినారని ఊరంతా సంబరపడతా ఉంటే, దండెం మీద రెండు తువ్వాళ్ళు మిగిలుంటాయి. చూసేది ఆయమ్మొక్కతే. లోపల ఇంగా ఇద్దరుండారని ఆయమ్మే అరిచి చెప్తాది. కొత్తదాంట్లో ఏం చేసినారు?"

"హీరోకి మనసులో తట్టుతాది" అన్నాడు నాగేశ్ నెమ్మదిగా. "నాకు గూస్‌బంప్స్ కూడా వచ్చె."

"తట్టక ఏం చేస్తాడు? ఉతికేది తీసేస్తే తువ్వాళ్ళు లేవు. తువ్వాళ్ళు లేకపోతే ఆయమ్మకు తెలిసే దారి లేదు. అందుకని ఆ తెలివి ఎత్తి హీరోకి ఇచ్చేసినారు."

 నాగేశ్ చేతిలో గింజ అలాగే ఉంది. "మా అవ్వ చెప్తా ఉండె అక్కా" అన్నాడు. "మా తాత చాంపియన్ రీఫ్ గనిలో పనికి పోతా ఉన్నప్పుడు, గని కూలోళ్ళ లైనిండ్ల కొళాయి కాడ ఎవరి గుడ్డలు నానలేదో చూసుకుంటా ఉండిరంట ఆడోళ్ళు. ఎవురు పైకి రాలేదో సైరన్ కంటే ముందే తెలిసిపోతా ఉండెనంట. నేను అది అవ్వ సోది అనుకుంటి." వాడు మళ్ళీ పితకసాగాడు, ఈసారి పప్పు గిన్నెలోనే పడింది.

నేను పేజీ తిప్పి మళ్ళీ మొదలుపెట్టానో లేదో హాల్లోంచి మా ఆయన కేక. "వినుతా, రామాంజినప్ప మామకు కాఫీ!"

నా మడమ లేచింది. నేను లేవలేదు, మడమే లేచింది. కుక్కర్ కూతకు లేచినట్టు, కాలింగ్ బెల్లుకు లేచినట్టు, నన్ను అడగకుండానే. నా వేలు ఇంకా పేజీ మీదే ఉంది, ముగ్గురు నా ముఖంలోకి చూస్తున్నారు. వాక్యం సగంలో ఉంది. మడమను మళ్ళీ కింద పెట్టడానికి ఎంత బలం కావాలో అప్పుడు తెలిసింది.

"పాలు ఫ్రిజ్జులో ఉండాయి" అన్నాను, గట్టిగానే. "డికాక్షన్ ఫిల్టర్లో ఉండాది. మాకు కూడా పెట్టండి."

లోపల టీవీ చప్పుడు ఆగింది. కాసేపటికి గిన్నెలు ఒకదానిమీద ఒకటి పడిన శబ్దం. "చక్కెర యాడుండాది?" అని వినపడింది. మేము పితుకుతూనే ఉన్నాం. కాఫీ వచ్చింది, సగం సాసర్లలో ఒలికి. నీళ్ళగా, పాయసమంత తియ్యగా ఉంది. నేను చివరి చుక్కదాకా తాగాను. నా జన్మలో అంత మంచి కాఫీ తాగలేదంటే ఒట్టు.

గంగాళం అడుగు కనబడే వేళకు మా అత్త, అంతసేపూ తల వంచుకుని పితికిన మనిషి, "అది సరే, కడాకు ఆయమ్మ ఏమైపోతాది?" అని అడిగింది.

"చెప్పొద్దక్కా! స్పాయిలర్!" అని నాగేశ్ చెవులు మూసుకున్నాడు. ముగింపు ముందే చెప్పడం మా గుంపులో మహాపాపం.

"వారానికొక తుంట వేస్తా ఉంటే అంత కాడికి నేనుండొద్దా? నా చెవిలో చెప్పే" అని అత్త నావైపు వంగింది.

నేను ఆమె చెవిలో చెప్పాను. "ఆఖరి పుస్తకంలో, ఒక పొద్దు అన్నం దించినాక, గనివాళ్ళు రాకముందే ఆయమ్మ తనే మొదట వడ్డించుకోని తింటాది అత్తా. వేడి వేడిగా. అంతే."

"అంతేనా!" అని నవ్వింది. తర్వాత ఆమె వేళ్ళు ఆగిపోయాయి. గంగాళం ముందు ఆ వేళ్ళు ఆగడం నేను ఏనాడూ చూడలేదు. "అంతేనంటావు గానీ, అది నేను ఒక్కనాడు చేసిందాన్ని కాదే" అంది.

దీపాలు పెట్టేవేళకు శశి వాళ్ళు వెళ్ళిపోయారు. పప్పు ఉడికి ఇల్లంతా అనప వాసన కమ్ముకుంది. హాల్లో ముగ్గురు మగవాళ్ళూ మ్యాచ్ చూస్తున్నారు. నేను అన్నం దించి, వంటింట్లో రెండు పీటలు వాల్చి, రెండు కంచాలు పెట్టాను.

"వాళ్ళు ఇంగా కూసోలేదు గదే" అంది అత్త.

"తెలుసత్తా. కూర్చోండి."

ఆమె తలుపు వైపు చూసింది. కంచంలో ఆవిరి చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా కూర్చుంది. నేను నెయ్యి వేశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమె కళ్ళు మూసుకుంది, వేడికో ఎందుకో. నేనూ తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

మా ఆయన చేతులు కడుక్కుని తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. ఒకసారి నన్ను, ఒకసారి వాళ్ళమ్మను చూశాడు. నేను నోరు తెరిచేలోపే, నిండు నోటితో మా అత్త అంది:

"రవ్వంత ఆగప్పా. మేము తింటా ఉండాము."