పగలని లక్కముద్ర

నేను ఒక రూళ్ళకర్రని. అడుగున్నర పొడవు, బొటనవేలంత లావు, ఎటు చూసినా గుండ్రం. నల్లతుమ్మ చేవలోంచి నన్ను నున్నగా చెక్కి తీసిన వడ్రంగి వీరాచారి, నా మీద మైనం రుద్దుతూ, "కాగితం మీద దొర్లిస్తే నీళ్ళలా పోవాల" అన్నాడు. నా పుట్టుకకు కారణం అదొక్కటే. నేను దొర్లుతూ పోవాలి, నా పక్కన గీత తిన్నగా పడాలి. తక్కిన ఉపయోగాలన్నీ మనుషులు తర్వాత కనిపెట్టినవే.

మొదట నేను నాగావళి ఒడ్డున ఒక చిన్న పట్నంలో, రిజిస్ట్రారాఫీసు గుమాస్తా దగ్గర పన్నెండేళ్ళు ఉన్నాను. ఆయన నెమ్మదైన మనిషి. నన్ను ముట్టుకునే ముందు చేతి చెమట పంచెకు తుడుచుకునేవాడు. కూతురు ఈశ్వరమ్మను లెక్కల మాస్టారు లెంక సన్యాసినాయుడికిచ్చి పెళ్ళి చేశాక, నన్ను తీసుకెళ్ళి అల్లుడి చేతిలో పెట్టాడు.

"అదిమి పట్టకండి అల్లుడుగారూ. దీన్ని దొర్లనివ్వాలి" అన్నాడు.

నాయుడు మాస్టారు దండం పెట్టి అందుకున్నాడు. మర్నాడే హైస్కూల్లో ఆరో తరగతి పిల్లవాడి వేలి కణుపుల మీద నా కొత్త ఉద్యోగం మొదలైంది.

ఆయన చెడ్డవాడని మీరనుకుంటే నా కథ మీకు అందదు. లంచం అంటే ఆమడ దూరం. ట్యూషను చెప్పి ఒక్క రూపాయి తీసుకునేవాడు కాడు. ఒకసారి స్కూలు సుద్దముక్క పొరపాటున జేబులో ఇంటికొస్తే, ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి పెట్టొచ్చాడు. ఊరంతా ఆయన్ని చూసి చెప్పు విడిచి పక్కకి తప్పుకునేది. ఆయనకు ఉన్న ఒకే ఒక్క భయం, ఎవరైనా తనను వేలెత్తి చూపిస్తారేమోనని. ఆ భయాన్నే ఆయన నిజాయితీ అనుకునేవాడు. ఊరు కూడా అలాగే అనుకుంది.

ఆయనకు ఒక్కడే కొడుకు, సింహాచలం. వాడు ఆరో తరగతికి వచ్చి తండ్రి క్లాసులో కూర్చున్న రోజు నుంచి ఇంట్లో "నాన్నా", స్కూల్లో "సార్". క్లాసులో ముగ్గురు తప్పు చేస్తే మొదటి దెబ్బ వాడిదే, ఆఖరి దెబ్బా వాడిదే. సొంత కొడుకని చూసీ చూడనట్టు వదిలేశాడని ఎవరూ అనకూడదు. నలభై మంది పిల్లల్లో వాడి చేతులే నాకు బాగా గుర్తు. సన్నటి వేళ్ళు. చాపమనగానే చాపేవాడు, వెనక్కి లాక్కునేవాడు కాడు. వాడికి లెక్కల్లో ముప్పై, ముప్పై రెండు వచ్చేవి. వాడి పేపరు మాస్టారు తాను దిద్దేవాడు కాడు. పక్షపాతమంటారని సోషలు చెప్పే కూర్మారావు మాస్టారికి ఇచ్చేవాడు.

వాడు ఎనిమిదిలో ఉండగా స్కూల్లో కొత్త గదులు కట్టడం మొదలెట్టారు. ఆ పని చేస్తున్నది పైడయ్య అనే తాపీమేస్త్రి. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే సింహాచలం అన్నం డబ్బా పట్టుకుని అక్కడికి పరిగెత్తేవాడు. కొలిచే కర్ర దొరక్క ఒకసారి పైడయ్య మాస్టార్ని అడిగి నన్నే పట్టుకెళ్ళాడు గనక ఇది నా కళ్ళతో చూశాను. అతను నేల మీద మూడు మేకులు దిగ్గొట్టి తాడు చుట్టాడు.

"ఇటు సూడు బాబూ. ఇటు మూడు మూరలు, అటు నాలుగు. ఈ అడ్డం సరీగ్గా అయిదొచ్చిందా, మూల తిన్నగున్నట్టే. రాలేదా, గోడ పడిపోద్ది."

వాడు ఆ తాడు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత "ఇదే కదా మా నాన్న బోర్డు మీద రాసేది!" అన్నాడు. అంత సంతోషంగా వాడి గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఆ రెండు నెలలూ వాడు కనిపించిన ప్రతి మూలా కొలిచాడు. ఇంట్లో గడప, మంచం, తులసికోట. నోట్సు మూసుకుని నేల మీద సుద్దతో సిద్ధాంతాలు రుజువు చేసుకునేవాడు. తల్లి ఈశ్వరమ్మ ఆ గీతల మీద నీళ్ళు చల్లకుండా తప్పుకుని తిరిగేది.

అర్ధ సంవత్సరం పరీక్షలు వచ్చాయి. లెక్కల పేపరు తయారు చేసింది నాయుడు మాస్టారే. స్కూలు బీరువాకు తాళం పాడైతే, హెడ్మాస్టరు ఎదుట కట్టకు లక్క కరిగించి ముద్ర వేసి ఇంటికి తెచ్చుకున్నాడు. తన బీరువాలో పెట్టి, దాని మీద నన్ను బరువు పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానం చేసినా నిద్రపోయినా ఆ తాళంచెవి ఆయన ఒంటి మీదే. నేను ఏడు రోజులు ఆ చీకట్లో ఆ కట్ట మీద పడుకున్నాను. తలుపు ఒక్కసారి తెరుచుకుంది, పరీక్షనాటి పొద్దున. తెరిచింది మాస్టారే. లక్కముద్ర చెక్కుచెదరకుండా ఉందో లేదో వేలితో తడిమి చూసుకుని, ఉందని తల పంకించి, కట్టనూ నన్నూ కలిపి సంచిలో వేసుకున్నాడు.

సింహాచలానికి తొంబై ఒక్క మార్కులు వచ్చాయి.

స్టాఫ్‌రూములో కూర్మారావు మాస్టారు పేపరు బల్ల మీద పడేసి నవ్వాడు. "మరేనండీ నాయుడు మాస్టారూ. పేపరు ఇంట్లో ఉంటే తొంబై ఒకటి కాక ఏటొస్తాయి?"

మిగతావాళ్ళు కూడా నవ్వారు. ఉత్త సరదా నవ్వు. టీ తాగడం అయిపోగానే అందరూ మరిచిపోయేదే. కానీ మాస్టారు టీ ముట్టకుండా నన్ను పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన లోకంలో ఎవరూ అనకూడనిది అననే అన్నారు.

మర్నాడు ప్రేయరు అయ్యాక మాస్టారు హెడ్మాస్టరు అనుమతి అడిగి మెట్లెక్కాడు. ఆరు వందల మంది పిల్లలు వరసల్లో నిలబడ్డారు.

"నా ఇంట్లో ఒక దొంగ ఉన్నాడు. లెంక సింహాచలం, ఇలా రా."

వాడు వచ్చాడు. ఎందుకు పిలిచారో నిజంగానే వాడికి తెలియదు. మార్కులు చదివి మెచ్చుకుంటారనుకున్నాడేమో, చొక్కా గుండీ పెట్టుకుంటూ వచ్చాడు.

"పేపరు ఎప్పుడు తీసేవు?"

"ఏ పేపరు సార్?"

"నా బీరువాలోది."

"తియ్యలేదు సార్."

"చెయ్యి."

వాడు చెయ్యి చాపాడు. బోర్లా తిప్పమన్నాడు మాస్టారు. అడిగి ఒక దెబ్బ, అడిగి ఒక దెబ్బ. ప్రతిసారీ "తియ్యలేదు సార్" అనే మాట చిన్నదైపోతూ వచ్చింది. ఎన్నో దెబ్బకో కుడిచేతి ఉంగరపు వేలిలో ఏదో చిట్లిన చప్పుడయింది. బయటికి వినపడి ఉండదు, నా ఒంట్లోంచి పాకింది గనక నాకు తెలిసింది. ఆ పేపరు వాడు తియ్యలేదని లోకంలో ముగ్గురికి తెలుసు. వాడికి, నాకు, నన్ను ఎత్తి కొడుతున్న మనిషికి.

వాడు ఒప్పుకోలేదు. మాస్టారు ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "దొంగ నిజం చెప్పేదాకా ఈ ఇంట్లో నాకు మెతుకు దిగదు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు, రెండు రోజులు, మూడు. మూడో నాటి సాయంత్రం, వేలికి కట్టు కట్టించుకుని వచ్చిన కొడుకును ఈశ్వరమ్మ వంటింట్లోకి తీసుకెళ్ళింది. నన్ను ఆ గుమ్మం పక్క గూట్లోనే పెట్టారు గనక అంతా చూశాను, విన్నాను.

"ఒప్పేసుకో నాయినా. ఒక్క మాట గదా. మీ నాన్న సచ్చిపోతారు."

"నేను తియ్యలేదమ్మా."

"నాకు తెల్దేటి? అయినా తీసేనని చెప్పు. ఆయన నూతికాడ తానం చేస్తున్నారు, తాళంచెవి వంకీకి తగిలించీసేరు, అప్పుడు తీసేనని చెప్పు."

"తానానికి కూడా అది విప్పరు గదమ్మా."

"విప్పేరనుకో." ఆమె కొంగుతో వాడి మొహం తుడిచింది. "లక్కని దీపం మీద కాసి మళ్ళీ అంటించేనని చెప్పు. ఏదీ, ఒకపాలి చెప్పు."

వాడు చెప్పాడు. తడబడితే మళ్ళీ చెప్పించింది. ఎక్కం అప్పజెప్పించినట్టు, తప్పు లేకుండా వచ్చేదాకా చెప్పించి, అప్పుడు అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

మర్నాడు మెట్ల మీద వాడు అదంతా ఎక్కడా ఆగకుండా అప్పజెప్పాడు. మాస్టారి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అవి సిగ్గుతో వచ్చినవి కావు, గండం గట్టెక్కిన వాడి కన్నీళ్ళు. హెడ్మాస్టరు ఆయన్ని కౌగిలించుకున్నాడు. తొంబై ఒకటి కొట్టేసి సున్నా వేశారు. జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేశాక, కన్నకొడుకును కూడా క్షమించని గురువని నాయుడు మాస్టారికి శాలువా కప్పారు. పిల్లలంతా చప్పట్లు కొట్టాలన్నారు. సింహాచలం కుడిచేతికి కట్టు ఉంది గనక, ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకుంటూ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత వాడు లెక్క చెయ్యలేదు. చేతకాక కాదు. పదో తరగతి లెక్కల పరీక్షలో అరగంట కూర్చుని తెల్ల కాగితం ఇచ్చి వచ్చేశాడు. ఈసారి తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. "నా అనుమానం ఎప్పుడూ తప్పలేదు" అని మాత్రం భార్యతో అన్నాడు. సింహాచలం పైడయ్య దగ్గర పనిలో చేరి తాపీమేస్త్రి అయ్యాడు. వంకర అతికిన వేలితోనే తాపీ పట్టేవాడు. వాడు కట్టిన గోడలు తిన్నగా ఉంటాయని ఊళ్ళో పేరు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం కంగారు పడిపోయి, "నాదేం లేదండీ, అన్నీ పైడయ్య బాబు పెట్టిన కొలతలే" అనేవాడు, పైడయ్య పోయిన పదేళ్ళ తర్వాత కూడా.

ఈశ్వరమ్మ పోయింది. మాస్టారికి డెబ్బై రెండో ఏట పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. కోడలు ముట్టుకోనంటే కొడుకే ఎత్తి కూర్చోబెట్టేవాడు, ఒళ్ళు కడిగేవాడు, చోడంబలి తాగించేవాడు. నన్ను ఆ గది కిటికీ రెక్క మూసుకుపోకుండా అడ్డం పెట్టారు. అందుకే ఆనాటి మాటలు నా పక్కనే జరిగాయి.

రెండు చెంచాలు తాగాక మాస్టారు నోరు తిప్పేసుకున్నాడు.

"సింహాచలం. ఆ సీలు పగల్లేదురా."

"ఏ సీలు నాన్నా?"

"ఎనిమిదో క్లాసు పేపరుది. నేనే విప్పేను. వేసింది వేసినట్టే ఉంది. నాకు ఆవేళే తెలుసు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నవ్వేరురా వాళ్ళు. అందరూ నవ్వేరు."

ముప్పై ఏళ్ళుగా ఆ గది గోడలు కూడా ఎదురు చూసిన మాట అది. సింహాచలం గిన్నె కింద పెట్టి, తండ్రి గడ్డం మీద కారిన అంబలి తుడిచాడు.

"లేదు నాన్నా. మీరు మర్చిపోయేరు. నేను తీసేను."

మాస్టారు వాడి వైపు చూశాడు.

"మీరు నూతికాడ తానం చేస్తున్నారు. తాళంచెవి వంకీకి తగిలించేరు. బీరువా తలుపు కిర్రుమంది, నా గుండె ఆగిపోయింది. లక్కని దీపం మీద కాసి అంటించేను." వాడు కుడిచెయ్యి ఎత్తి ఉంగరపు వేలు చూపించాడు. "అప్పుడు కాలిందే ఇది. ఇలా వంకరగా ఉండిపోయింది."

ముసలివాడి మీద జాలిపడి అబద్ధం ఆడుతున్నాడేమోనని వాడి కళ్ళలోకి చూశాను. అబద్ధం ఆడటం లేదు. ఆ తలుపు కిర్రుమనడం వాడు విన్నాడు. ఆ దీపం సెగ ఆ వేలికి తగిలింది. తల్లి చెప్పించిన పాఠానికి, చెప్పించని సంగతులు కూడా కలుపుకుని, వాడు అదే నిజమని నమ్మి బతికాడు.

"తీసేవా?" అన్నాడు మాస్టారు.

"తీసేను నాన్నా. మీ తప్పేం లేదు."

మాస్టారి మొహంలో ముడతలు ఒక్కొక్కటే సడలాయి. "అదీ" అన్నాడు. ఆ పూట గిన్నెడు అంబలీ తాగి, ఇంకా కాస్త పోయమన్నాడు.

ఆయన పోయాక పెద్దకర్మకు వచ్చిన స్కూలు వాళ్ళు, మాస్టారి జ్ఞాపకంగా ఏదైనా ఇవ్వమంటే, సింహాచలం శాలువాతో పాటు నన్నూ ఇచ్చాడు. ఇప్పుడు హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలో ఉన్నాను. నా కింద అట్ట మీద "నిజాయితీకి గుర్తు" అని రాసి ఉంది. నన్ను ఎవరూ దొర్లించరు, ఎవరినీ కొట్టడానికి ఎత్తరు. నాకు ఇదే విశ్రాంతి అనుకోవాలి.

ఏటా ఒకసారి కొత్తగా చేరిన పిల్లల్ని తీసుకొచ్చి హెడ్మాస్టరు నా కథ చెబుతాడు. ఈ ఏడు చెబుతుంటే వెనక నుంచి ఒక కుర్రాడు అరిచాడు. "సార్, ఆ దొంగ వీళ్ళ నాన్నే సార్!"

అందరూ రెండు జడల పిల్ల వైపు తిరిగారు. సింహాచలం కూతురు సుజన, ఆరో తరగతి. హెడ్మాస్టరు దయగల మనిషి. ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

"బాధపడకమ్మా. చివరికి ఒప్పుకున్నాడు కదా, అదే గొప్ప."

"నాకు బాధ లేదు సార్" అంది సుజన అద్దంలోంచి నన్నే చూస్తూ. "మా నాన్న కూడా అలాగే చెప్తారు. తాతయ్య ఆవేళ కొట్టకపోయుంటే తను ఇంకా పెద్ద దొంగ అయిపోయేవాడినని."