వర్షిణి కళ్ళు

"కొత్త విండోస్ వేస్తే పెన్ను ఎంత నొక్కితే గీత అంత మందంగా వస్తుందండి. కానీ మీ పాత స్కానర్ ఇక పనిచెయ్యదు. ఏదో ఒకటి తేల్చుకోండి, శశిభూషణ్ గారూ" అన్నాడు కంప్యూటర్ బాగుచేసే మణిశంకర్.

రాజమండ్రిలో శశిభూషణ్‌ది ఫోటో స్టూడియో. చనిపోయాక తీసిన ఫోటోలో కళ్ళు తెరిపించి, పెద్దకర్మకు పటం కట్టి ఇస్తాడు. ఒకప్పుడు కుంచెతో చేసేవాడు, ఇప్పుడు కంప్యూటర్‌కి తగిలించిన డ్రాయింగ్ టాబ్లెట్ మీద, పెన్నుతో. పాత విండోస్‌లో పెన్ను గీతలన్నీ ఒకే మందం. కనురెప్పలు బొగ్గుతో గీసినట్టు వచ్చేవి.

బల్ల మీద ఆరేళ్ళ వర్షిణి ఫోటో ఉంది. ఆ పిల్ల కాలవలో పడి చనిపోయాక తీసిందది. బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించలేదు. తల్లి నాగదుర్గ ఎదురుగా కూర్చుంది.

"స్కాన్ చేస్తే మొహం ఉన్నదున్నట్టు వస్తుంది కదండీ?" అన్నాడు మణిశంకర్.

"ఉన్నదున్నట్టు ఎవరిక్కావాలయ్యా! కొత్తదే వెయ్యి" అన్నాడు శశిభూషణ్.

మణిశంకర్ కొత్తది వేసి వెళ్ళాక, శశిభూషణ్ టాబ్లెట్ మీది పల్చటి ప్లాస్టిక్ షీటు కింద ఫోటో పెట్టి, దాని వెంబడే మొహం గీశాడు. కళ్ళ దగ్గర ఆగాడు.

"పాప కళ్ళు ఎవరి పోలికమ్మా?"

"నా పోలికేనండి."

"అయితే ఇటు చూడమ్మా."

ఆమె చూసింది. కళ్ళు నిండితే తుడుచుకుని మళ్ళీ చూసింది. అతను తొందరపెట్టలేదు. గీత వెంట్రుకంత సన్నగా సాగింది.

పూర్తయ్యాక నాగదుర్గ తెర మీదికి వంగింది.

"ఇలా దిగులుగా చూసేది కాదండి మా పిల్ల."

అతను ఆ కళ్ళు చెరిపేశాడు.

"నవ్వితే చిన్నవైపోయేవండి. ఉండండి" అని నాగదుర్గ కొంగుతో మొహం తుడుచుకుని, అతని కోసం నవ్వింది.