ఎర్రబండి గొంతు

తొడదాకా కట్టు వేయించుకుని ఇంటికొచ్చిన మొదటి రోజే ఆంట్టే ఒక జాబితా రాశాడు. మంచు మీద నడిచే మోటారుబండిని, అదీ పాతదాన్ని, కొనేటప్పుడు చూడవలసినవి, మొత్తం పదకొండు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో మా ఆయన నాకు రాసిన అతి పొడుగైన ఉత్తరం అదే.

జరిగింది ఇదీ. మార్చిలో మంచుతుఫాను మూడు రోజులు మమ్మల్ని ఊపి వదిలింది. మంచు కంచె ఎత్తుకి పేరుకుపోతే మా రెయిన్‌డీర్ జింకలు మెట్లెక్కినట్టు దాని మీదుగా నడిచి గార్డెచోక్కా కొండ మీదికి వెళ్ళిపోయాయి. వెతకడానికి వెళ్ళిన ఆంట్టే, వాలు మధ్యలో ఇంజను పట్టేయడంతో బండితో సహా బోర్లాపడ్డాడు. ఆయన కాలూ పోయింది, బండి ఇంజనూ పోయింది. కాలికి కట్టు కట్టేవాళ్ళు దొరికారు. ఇంజనుకి ఎవరూ దొరకలేదు.

ఆ వెంటనే ఒక పూట వాన పడి, పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది. కొండ మీద మంచుకి ఇప్పుడు సీసాగాజంత గట్టి పెంకు. దాని కింద నాచు ఉంది కానీ జింక గిట్టకి అందదు. ఈ జాతిలో ఆడవాటికీ కొమ్ములుంటాయి, అవన్నీ ఇప్పుడు కడుపుతో ఉన్నాయి. మూడు నాలుగు రోజుల్లో వాటిని కంచెలోకి తెచ్చి మేత వెయ్యకపోతే ముందు కడుపులో పిల్లలు పోతాయి, వెనకే తల్లులూ పోతాయి. ఎవరినైనా సాయం అడుగుదామంటే ఊరందరి కంచెలూ అలాగే పూడిపోయాయి, ఎవరి జింకల వెనక వాళ్ళు తిరుగుతున్నారు. మావి ఎన్ని జింకలని మాత్రం అడక్కండి. మా వైపు అలా అడగడమంటే బ్యాంకు పుస్తకం తెరిచి చూపించమన్నట్టే. నాకు తెలుసు, చెప్పను.

రెండు రోజులు పార పట్టి కంచె చుట్టూ మంచు నేనే ఎత్తిపోశాను. మూడో రోజు పొద్దున్నే జాబితా చేతితొడుగులో మడిచి పెట్టుకుని, అత్తయ్యని వెంటబెట్టుకుని ఇస్సాత్ ఇంటికి బయల్దేరాను. ఇస్సాత్ మా మావగారి స్నేహితుడు. మోకాళ్ళు అరిగిపోయి, జింకల పని కూతురికి అప్పగించి, బండ్లు రెండూ అమ్మకానికి పెట్టాడు. మా అత్తయ్య పేరు గాడ్జా. వయసు డెబ్భై ఆరు. ఆమె దగ్గర జాబితా ఏమీ లేదు. చెవుల మీదికి దిగిన టోపీ, ఇంటి నుంచి తెచ్చుకున్న జున్నుముక్క, అంతే.

"రా ఒదినా, రా. ఏమ్మా రావ్ద్నా, కాలు ఎలా ఉంది మీ ఆయనకి?" అన్నాడు ఇస్సాత్.

"కాలు బాగానే ఉంది మావయ్యా, నోరే ఖాళీ లేదు," అన్నాను.

పెరట్లో రెండు బండ్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి బూడిదరంగుది, రెండేళ్ళది. పిడులు వాటంతటవే వేడెక్కుతాయి, వెనక్కి కూడా నడుస్తుంది. రెండోది ఎర్రది, ఇరవై రెండేళ్ళది. దాని సీటు మీద ఎడమవైపు ఒక గుంట పడి ఉంది. మందని చూస్తూ ఒక మోకాలు సీటు మీద ఆనించి నడిపేవాళ్ళ బండ్లకే అలా పడుతుంది.

జాబితాలో మొదటిది: వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే, నువ్వు రాకముందే ఒకసారి నడిపి సిద్ధం చేశాడన్నమాట. చలిలో మొదటిసారి ఎలా లేస్తుందో అదే దాని అసలు గుణం.

బూడిదరంగుది రాయిలా చల్లగా ఉంది. ఎర్రదాని మీద చెయ్యి పెడితే అప్పుడే పొయ్యి మీంచి దించిన రొట్టెలా ఉంది.

"ఎండ తగిలింది," అన్నాడు ఇస్సాత్, మేఘాల వైపు చూడకుండా.

నేను వంగాను. రబ్బరు పట్టా చుట్టూ తిప్పి చూశాను. ఎర్రదానికి పదమూడు పళ్ళు ఊడిపోయాయి. కింద తిరిగే చిన్న చక్రాల్లో ఒకటి ఏడుస్తోంది. ముందువైపు మంచు మీద జారే స్కీల కింద ఇనపబద్దలు అరిగి కాగితంలా ఉన్నాయి. సీటు కింద చట్రానికి ఒకచోట మాత్రం కొత్త రంగు. 'కొత్త రంగు కనిపిస్తే దాని కింద ఏముందో అడుగు' అని రాసి ఉంది.

"దీని కింద ఏముంది మావయ్యా?"

"పాత రంగు."

ఎర్రదాని ముందు దీపం దగ్గరికి వచ్చాను. అద్దం లోపల, టీ గిన్నెకి అంచున మిగిలిన చారలా, ఎండిన బురద గీత ఒకటి. కాగితంలో పదకొండోది: 'ఎందుకు అమ్ముతున్నావని అడుగు. అడిగాక నోరు మూసుకో.' ఇందులో రెండో సగం నాకు కష్టమని ఆయనకి తెలుసు. కింద గీత కూడా గీశాడు.

"ఇది ఎందుకు అమ్ముతున్నావు మావయ్యా?" అని నోరు మూసుకున్నాను.

"మోకాళ్ళు," అన్నాడు. నేను దీపం వైపే చూస్తున్నాను. "చప్పుడెక్కువ," అన్నాడు. నేను బురదగీత మీద వేలు పెట్టాను. ఇస్సాత్ ఇంకాసేపు ఓర్చుకున్నాడు. "ఒకసారి ఏట్లో... కొంచెం స్నానం చేసింది. ఒక్కరోజే! తరువాత నేనే మొత్తం విప్పి ఆరబెట్టాను. ఒదినా, నీకు గుర్తుందా, మీ ఆయనా నేనూ ఒకే చలికాలంలో ఒకే కొట్లో కొన్నాం ఈ జంటబండ్లు. ఇంజను పోయిన మీ బండికి ఇది కవలపిల్ల."

అప్పటిదాకా జున్ను తింటూ నిలబడ్డ అత్తయ్య అప్పుడు నోరు తెరిచింది.

"ఆ బూడిదదాన్ని ఏటి అవతలి గట్టుదాకా తోలు ఇస్సాత్. మేత బస్తాలు లాగేటంత నిదానంగా. అక్కడ ఆగేముందు రెండుసార్లు రేజు ఇచ్చి ఆపు."

గడ్డకట్టిన ఏటి మీదుగా అతను వెళ్ళాడు. అత్తయ్య నాకు వీపు పెట్టి గోడవైపు తిరిగి, టోపీ ఒక చెవి మీంచి పైకెత్తి నిలబడింది. చలిగాలికి తిరిగిందనుకున్నాను. ఇస్సాత్ తిరిగొచ్చి ఆమె వెనకే బండి ఆపాడు.

"వెళ్ళవేం?" అంది అత్తయ్య.

"వెళ్ళొచ్చాను ఒదినా!"

"చూశావా అత్తయ్యా, ఎంత మెత్తని బండి!" అన్నాను నేను సంతోషంగా. నా కాగితం మీద దానికి పదకొండుకి పదకొండు వచ్చాయి.

"ఇప్పుడు ఎర్రది."

ఎర్రది లేవడానికి తొమ్మిదిసార్లు తాడు లాగాడు. లేచాక దగ్గింది, ఉమ్మింది, మా అందరి మీదా నీలం పొగ వదిలింది. కప్పుకి వేలాడుతున్న మంచుసూదులు రెండు చప్పుడికి విరిగిపడ్డాయి. అత్తయ్య మళ్ళీ గోడవైపు తిరిగింది. ఏటి అవతల నుంచి బుర్ర్... బుర్ర్... అని రెండుసార్లు వినిపించి ఆగింది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. తాళం వేసుకుంటున్నట్టు గడ్డం కదులుతోంది.

"ఇదే," అంది.

"అత్తయ్యా, ఇది మునిగిన బండి."

"తేలింది కదా."

"పదమూడు పళ్ళు లేవు."

"నాకు ఎన్నున్నాయి?"

కొనేసింది. నేను కాలేజీలో గణితం చదువుకున్నాను. పదకొండులో రెండే నెగ్గిన బండి తాళం ఇస్సాత్ నా చేతిలో పెడుతుంటే కాగితం మళ్ళీ చేతితొడుగులోకి దోపేశాను. అంతలో ఆంట్టే ఫోను.

"ఏది కొన్నారు?"

"ఎర్రది."

"నా కాగితం తీసుకెళ్ళలేదా?"

"తీసుకెళ్ళాం."

మధ్యాహ్నానికి మేత బస్తాలు కట్టిన బల్లబండి వెనక తగిలించుకుని కొండ పైకి చేరాం. నేను నడిపాను, అత్తయ్య బస్తాల మీద కూర్చుంది. పైన పొగమంచు. ఆకాశమూ నేలా ఒకే దుప్పటి కింద దూరినట్టు ఎటు చూసినా తెలుపే. బండి స్కీల కొసలు కూడా నాకు కనబడటం లేదు.

"ఇందులో ఎక్కడని వెతుకుతాం?" అన్నాను.

"వెతకడమేంటి? కడుపుతో ఉన్నవాటిని తరుముతావా? తిండి లేక నీరసించినవి, ఈ గాజు మీద పరుగెత్తితే ఏమవుతాయి? మొన్న నీ మొగుడు చేసింది అదే."

"మరి?"

"మీ మావగారు, ఆయన తరువాత వాడు, ఇన్నేళ్ళూ వాటికి ఏ చప్పుడుతో మేత పెట్టారు?"

నేను ఎర్రబండి బోనెట్ వైపు చూశాను.

"ఎక్కేవాళ్ళ కోసం నువ్వు చూశావు," అంది ఆమె. "వినేవాళ్ళ కోసం నేను చూశాను. ఊఁ, తిప్పు. గుండ్రంగా, నిదానంగా. రెండు రేజులు, ఆపు."

తిప్పాను. బుర్ర్, బుర్ర్. ఆపాను. ఏమీ లేదు. మళ్ళీ తిప్పాను. ఏమీ లేదు. మూడోసారి ఆపాక బండి లేవలేదు. తాడు లాగాను. పది, పదిహేను, పద్దెనిమిది. చెమట పట్టింది. ఏట్లో స్నానం చేయించిన ఇస్సాత్‌ని, నోరెత్తని ఆ బండిని, చెవులతో సరుకు కొనే అత్తగార్లని పళ్ళ మధ్యే తిట్టుకున్నాను. కొండ మీద గాలి కూడా లేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది.

"లాగకు," అంది అత్తయ్య చెయ్యెత్తి. "ఊపిరి కూడా మెల్లగా తీసుకో."

మొదట నా చెవులే అనుకున్నాను. టిక్. టిక్ టిక్. రెండు అల్లికసూదులు ఒకదానికొకటి తగిలినంత చిన్న చప్పుడు. జింక అడుగు వేసినప్పుడల్లా దాని కాలి నరం ఎముక మీంచి జారి అలా టిక్కుమంటుంది. పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కానీ ఎప్పుడూ కళ్ళతో చూస్తూ విన్నాను. ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు, తెలుపు తప్ప. ఆ తెలుపు లోపల పది జతల సూదులు, తరువాత వంద, తరువాత ఇక లెక్కకి అందలేదు. కనిపించని ఆడవాళ్ళు వేలమంది చుట్టూ కూర్చుని, ఒక్కమాటా మాట్లాడుకోకుండా, కొండకే ఏదో కప్పడానికి అల్లుతున్నారు. చప్పుడు ముందు నుంచి వచ్చింది. ఆ తరువాత పక్కల నుంచి. చివరికి వెనక నుంచి కూడా. చేతిలో తాడు ఎప్పుడు వదిలేశానో తెలియదు.

ముందుగా ఒక కొమ్ము వచ్చింది. దాని కింద తల లేదు, ఒళ్ళు లేదు, పొగమంచులో ఒట్టి కొమ్ము తేలుతూ వచ్చింది. పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ఆకులు రాలిన అడవి ఒకటి లేచి నడిచి వస్తున్నట్టుంది. కొమ్ముల కింద ఆవిరి, ఆవిరి కింద నల్లని ముక్కులు, ముక్కుల వెనక మంచు అట్టకట్టిన మెడలు. మెడలో గంట ఉన్న మా ముసలి నల్లదాన్ని చూసి అత్తయ్య టోపీ తీసేసింది. ఎందుకో నేనూ తీశాను. చలికి చెవులు తెగిపోతున్నా మళ్ళీ పెట్టుకోవాలనిపించలేదు.

అవి పరుగెత్తలేదు, తోసుకోలేదు. పక్కటెముకలు కనబడుతున్నా, నిండుకడుపులు మోసుకుంటూ, ఒక్కో అడుగూ చూసి వేస్తూ వచ్చాయి. వస్తూనే ఉన్నాయి. మావి ఎన్నో నాకు తెలుసని చెప్పాను కదా. ఆ అంకె దాటిపోయింది. ఇంకా వస్తున్నాయి.

దగ్గరున్న దాని చెవి చూశాను. ఎవరి జింకో చెప్పే గాటు మాది కాదు. కింది అంచున రెండు పళ్ళు, కొసన ఒక కోత.

"అత్తయ్యా, ఇస్సాత్ మావయ్యవి."

"ఉండవా మరి? అతనూ ఈ బండితోనేగా పెట్టింది."

"నీకు ముందే తెలుసా?"

ఆమె బస్తా ముడి విప్పుతూ వినిపించనట్టు ఊరుకుంది. ఏటి అవతల చప్పుడు విన్న మనిషికి మూరెడు దూరంలో నేను వినబడలేదు!

ఒక్కో పిడికెడు మేత చల్లి, ఇక ఇంటికి అంది. నేను భయంగా తాడు అందుకున్నాను. బండి లేస్తుందో లేదో అని కాదు, లేస్తే ఇవి ఏమవుతాయోనని. ఒక్క లాగుకే లేచింది. పేలినట్టు మోగింది, నీలం పొగ కక్కింది. లోకంలో ఏ జంతువైనా ఆ మోతకి కొండ దాటి పారిపోవాలి. ఇవి ఒక అడుగు ముందుకు వేశాయి. నల్లది వచ్చి వెచ్చని బోనెట్ మీద గడ్డం ఆనించింది.

దిగేటప్పుడు ఒకేఒక్కసారి వెనక్కి చూశాను. బస్తాల మీద అత్తయ్య, ఆమె వెనక కొమ్ములు, వాటి వెనక కొమ్ములు, పొగమంచు మింగేసే చోటుదాకా కొమ్ములే. తరువాత నేను వెనక్కి తిరగలేదు. చూస్తే కరిగిపోతాయేమో అనిపించింది. చదువుకున్నదాన్ని, అయినా తిరగలేదు.

ఆంట్టే కర్రల మీద వచ్చి కంచె తలుపు తీసి పట్టుకున్నాడు. జింకలు తన పక్కనుంచి లోపలికి నడుస్తుంటే పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం మొదలెట్టాడు. కాసేపటికి పెదాలు ఆగిపోయాయి, నోరు మాత్రం తెరిచే ఉంది. జాబితా గురించి ఏమీ అనలేదు.

ఇస్సాత్‌కి నేనే ఫోను చేశాను. "మావయ్యా, మీ జింకలు మా కంచెలో ఉన్నాయి. రేపు అమ్మాయిని పంపు, చెవులు చూసి వేరుచేసుకుందాం."

"అన్నీ?" అన్నాడు గొంతు తగ్గించి. తరువాత గొంతు సవరించుకుని, "ఆ బండి... నాకు మళ్ళీ అమ్ముతావా?"

"దానికి చప్పుడెక్కువ మావయ్యా, నీకెందుకు?" అన్నాను.

వెళ్ళి బండి ఆపాను. ఆ చప్పుడు ఆగగానే కంచెలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా లేచాయి. వందల కళ్ళు నా వైపే. ఒక్క కాలూ టిక్కుమనలేదు. నేను తాళం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏం, అలా నిలబడ్డావు?" అంది అత్తయ్య, రెండో బస్తా నా వైపు తోస్తూ. "పిలిచాక పెట్టొద్దూ?"